శాంతబాయి కట్టిన ఇంగ్లీషు పాట

నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. నాకు సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవడం వచ్చు, అంతకు మించి రాదు. గొంతు కూడా గరగర. తంబాకు దుమ్ము ఇన్నేళ్ళు మింగిన గొంతు కదా, ఒక్కో మాట మళ్ళీ మళ్ళీ చెబితే తప్ప పిల్లకు అందదు. ఇప్పుడు చెప్పబోయే సంగతి నాకు మా ఆయన దినాల నాడు తెలిసింది. అప్పుడు ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. మొన్న వానాకాలంలో మద్నూర్‌లో శాంతబాయి కూడా పోయింది. ఇక ఈ మాట విని నొచ్చుకునే మనిషి ఎవరూ మిగల్లేదు కాబట్టి చెబుతున్నాను.

మా అమ్మగారి ఊరు రాజంపేట. ఎల్లారెడ్డికి కోడలిగా వచ్చినప్పుడు మా ఇల్లు రెండు అర్రలు, ముందర ఒక వాకిలి, వాకిలి మీద రేకులు. ఆ రేకుల కింద తెల్లారినప్పటి నుంచి పొద్దుగూకేదాకా వాడకట్టు ఆడవాళ్ళందరూ కూర్చుని బీడీలు చేసేవాళ్ళం. ఎవరింట్లో వాళ్ళు చేసుకోవచ్చు, కానీ ఒంటరిగా కూర్చుంటే చేయి సాగదు. పైగా మా వాకిట్లో గాలి బాగా ఆడేది. తునికాకు మీద ముందటి సాయంత్రమే నీళ్ళు చల్లి, గోనెసంచిలో చుట్టి పెట్టేవాళ్ళం. పొద్దున ఆ సంచి విప్పితే పోచారం అడవిలో మొదటి వాన పడినట్టు వాసన వచ్చేది. ఆ వాసన రెండు నిమిషాలు కూడా నిలిచేది కాదు. తంబాకు చాటలు ఒళ్ళోకి రాగానే ఘాటు లేచి, ఒకరి తర్వాత ఒకరు తుమ్మేవాళ్ళం. ఆ తుమ్ములతో మా వాడకు తెల్లారేది. ఇప్పుడు నాకు నిద్రలో ఎప్పుడైనా ఆ తడి ఆకు వాసన వస్తుంది. లేచి చూస్తే ఏమీ ఉండదు, తడిసిన తువ్వాలేదో తలగడ దగ్గర ఉంటుంది.

మా అత్త బీడీ చుట్టేది కాదు, ఆకు కత్తిరించేది. కత్తెర ఒరుసుకునే వేలికి చింకి గుడ్డ చుట్టుకుని, కొలత కోసం రేకు ఫర్మా ఆకు మీద పెట్టి, దాని అంచు వెంబడి కత్తిరిస్తూ పోయేది. ముక్కలు ఆమె కాళ్ళ చుట్టూ రాలి కుప్ప పడేవి. చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేది కానీ ఆఖరి గుక్క తాగేది కాదు. అది గడప పక్కన మట్టిలో పోసేది. పోయిన మా మామ వంతు అది. మా మామ కామారెడ్డి గంజ్ బజారులో బెల్లం మూటలు మోసినవాడు. మోసీ మోసీ నడుము విరిగి, మంచం పట్టి, ఆ మంచంలోనే పోయాడు. అందుకే మా అత్తకు లోకంలో ఉన్న భయం ఒక్కటే. "నా కొడుకు ఏ పనన్న చెయ్యనీ, మూట మాత్రం ఎత్తొద్దు" అనేది. దేవుడికి మొక్కినా అదే మొక్కేది, పక్కింటి ఆమెతో పోట్లాడినా ఎక్కడో ఒకచోట ఆ మాట వచ్చేది.

ఆమె కొడుకు, మా ఆయన, అప్పుడు ఎల్లారెడ్డిలోనే పిల్లల హాస్టల్లో రోజుకూలీ మీద పనిచేసేవాడు. వంటకు నీళ్ళు తోడడం, బియ్యం చెరగడం, గేటు దగ్గర ఉండడం. నేను ఆయన పేరు పలకను, ఇప్పటికీ నోటికి రాదు. వేరేవాళ్ళు నర్సింలు అనేవాళ్ళు. పదో తరగతి ఎప్పుడో రాశాడు, అన్నీ గట్టెక్కాయి, ఇంగ్లీషు ఒక్కటి పోయింది. వార్డెను మంచి మనిషి. "ఆ ఒక్కటి పాసు అవు నర్సింలూ, నిన్ను పర్మనెంట్ చేపిస్త. మల్ల ఎవడొచ్చినా నిన్ను కదపలేడు" అన్నాడు. ఆ మాట మా ఇంట్లోకి పండుగ వచ్చినట్టు వచ్చింది. ఆ ఒక్క పరీక్ష అటు దాటితే ఆయన జన్మలో మూట ఎత్తనక్కర్లేదు. దాటకపోతే, వార్డెను మారిన రోజున గంజ్ తప్ప వేరే దారి లేదు. ఇది మా అత్తకు తెలుసు, నాకు తెలుసు, వాకిట్లో కూర్చున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు.

ఆ ఇంగ్లీషులో ఆయన ప్రాణం తీసింది ఒకే ఒక్క మాట. గెట్. అట్ట ఊడిపోయిన గైడు ఒకటి ఎవరి దగ్గరో తెచ్చుకున్నాడు. ప్రతి యేడూ ఆ మాట మీద ప్రశ్న వస్తుందని, అది వస్తే గట్టెక్కినట్టేనని ఎవరో చెప్పారట. హాస్టల్ పని అయిపోయి ఇంటికి వచ్చాక పొద్దు ఇంకా ఉండగానే గడప మీద కూర్చుని చదివేవాడు. చదివిందే చదివేవాడు. పుస్తకం మూస్తే ఒక్కటి నిలిచేది కాదు. చేతులు ఊరికే ఉంచుకోలేని మనిషి కనుక, చదువుతూనే మేము చేసిన బీడీలను కట్టలు కట్టేవాడు. దారం రెండు చుట్లు చుట్టి, మెలిపెట్టి, పక్కన పెట్టడం. కట్టలు మాత్రం చక్కగా వచ్చేవి, చదువే వచ్చేది కాదు.

ఒకనాడు విసిగిపోయి పుస్తకం గడప మీద బోర్లించాడు.

"ఒక్క మాటకు గిన్ని అర్థాలేంది? లేసుడు గదే, దిగుడు గదే, తడుసుడు గదే, ఆఖరికి పెండ్లి చేసుకునుడు గూడ గదే. గిది భాషనా, గారడీనా?"

శాంతబాయి చాటలోంచి తల ఎత్తకుండానే జవాబిచ్చింది. ఆమెది మద్నూర్. ఇంట్లో మరాఠీ, వీధిలో తెలుగు. మొగుడు పోయాక ఎల్లారెడ్డిలో చెల్లెలి ఇంటి పక్కన చిన్న అర్ర తీసుకుని ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్ద. అక్షరం ముక్క రాదు కానీ ఆమె నోటికి అడ్డు లేదు.

"మనకు లేదా నర్సింలన్నా? ఎండ కొడ్తది. వాన కొడ్తది. బడిల గంట కొడ్తరు, సైకిల్‌కు గాలి కొడ్తరు, పత్తికి మందు కొడ్తరు, ఇంటికి తాళం కొడ్తరు. మురిక్కాల్వ పక్కపొంటి పోతే వాసన కొడ్తది. మరి గిండ్ల దెబ్బ తిన్నదెవరు చెప్పు?"

మా అత్త కత్తెర ఆపి, "నా కొడుకే" అంది.

వాకిలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. నవ్వి, పుస్తకం మళ్ళీ చేతిలోకి తీసుకుని, "మరి మన కొట్టుడు మనకెట్ల వచ్చింది బాయీ? ఎవరు నేర్పిండ్రు?" అని నిజంగానే అడిగాడు.

"చెవులవడి వచ్చింది. నువ్వు కండ్లతోటి నేర్సుకుంటున్నవ్, గందుకే వస్తలేదు. చదువు ఒకసారి. నేను ఇంట."

ఆయన చదివాడు, ఆమె విన్నది. మరునాడు పొద్దున ఆకు సంచి విప్పుతూ ఉండగా శాంతబాయి పాట ఎత్తుకుంది. మద్నూర్ దిక్కు ఆడవాళ్ళు ఇసుర్రాయి తిప్పుతూ పాడుకునే పాటలుంటాయి. రాయి ఒక చుట్టు తిరిగేసరికి ఒక చరణం అయిపోవాలి. ఆ బాణీలో ఈ ఇంగ్లీషును కూర్చింది. పుస్తకంలోని లేచుట, దిగుట అన్నీ తీసేసి మన మాట పెట్టింది.

గెట్టప్పంటే లేసుడే బాయి, గెట్ డౌనంటే దిగుడే,
గెట్టిన్నంటే వచ్చుడే బాయి, గెట్టౌటంటే పోవుడే.

ఇలా పొడుగ్గా ఉండేది. మొదట్లో లేవడం దిగడం, నడుమ తడవడం, అలసిపోవడం, కోపం రావడం, కలిసి ఉండడం, చివరికి వచ్చేసరికి దాటుడు, గట్టెక్కుడు, మర్లివచ్చుడు. గెట్ ఓవర్ అన్నదానికి పుస్తకంలో 'దుఃఖమును దాటుట' అని ఉండేదట. దుఃఖం పాటలో పట్టలేదని శాంతబాయి దాన్ని తీసేసి ఒట్టి దాటుడు పెట్టింది. ఏం దాటుతారని నేను అడిగితే, "వాగో వంకో, నీకేం దొరికితే గది దాటు" అంది.

బీడీ పనికి ఆ పాట అతికినట్టు సరిపోయింది. ఆకులో తంబాకు పోసేటప్పుడు ఇంగ్లీషు, చుట్టేటప్పుడు తెలుగు. వారం తిరక్కుండానే వాకిట్లో అందరికీ వచ్చేసింది. అర్థం తెలిసి కాదు, చేతికి అలవాటై. ఇక మా నోళ్ళకు పట్టపగ్గాలు లేవు. మా అత్త మంచమెక్కిన కోళ్ళను "గెట్ డౌన్, గెట్ డౌన్" అని అదిలించేది. కోళ్ళు దిగేవి కూడా. కారఖానాలో అప్పజెప్పిన మా బీడీల్లో సగం బాగాలేవని ఏరి పక్కన పడేసే మునీమును, వాడు వెనక్కి తిరిగాక, "గెట్టౌట్ కాను వీనికి" అని తిట్టుకునేవాళ్ళం. పెద్దపాప కడుపులో ఉన్నప్పుడు నేను వేవిళ్ళతో గోడకు ఆనుకుంటే, శాంతబాయి చాట నా ఒళ్ళోంచి తీసి తన ఒళ్ళో పెట్టుకుని, "గెట్ టయర్డ్ అయ్యిందమ్మా కోడలుపిల్ల. నర్సింలన్నా, కట్టలు తర్వాత కట్టొచ్చు, ముందు గామెకు నీళ్ళియ్యి" అనేది.

ఆయనకూ వచ్చేసింది. అదే పెద్ద వింత. కళ్ళతో రానిది చెవులతో వచ్చింది. మేము పాడుతుంటే ఆయన దారం చుడుతూ పెదాలు కదిపేవాడు. కొన్నాళ్ళకు మేము ఆపినా ఆయన ఆపేవాడు కాదు. శాంతబాయి పరీక్ష పెట్టేది. "గెట్ ఓవర్ అంటే ఏందన్నా?" ఆయన చేతిలో దారం పట్టుకుని మొదటి నుంచి ఎత్తుకుని, లేచి, దిగి, తడిసి, కోపం తెచ్చుకుని, అక్కడిదాకా పోయి, "దాటుడు" అనేవాడు. నడుమ నుంచి అడిగితే వచ్చేది కాదు. మొదటి నుంచి పాడాలి, వేళ్ళు ఆడాలి. అది మాకు తప్పుగా తోచలేదు. బావిలో నీళ్ళు కావాలంటే చేద మొదటి నుంచి దించాలి కదా, అట్లాగే అనుకున్నాం.

పరీక్ష కామారెడ్డిలో పడింది. తెల్లవారి మొదటి బస్సుకు పోయాడు. ముందురోజే ఆయన అంగీ ఉతికి, ఇత్తడి చెంబులో నిప్పులు వేసి ఇస్త్రీ చేశాను. మా అత్త పెరుగులో చక్కెర కలిపి నోట్లో పెట్టింది. శాంతబాయి బస్సు దాకా వచ్చి, కిటికీ కింద నిలబడి, "తొందరపడకు. మొదటిసంది ఎత్తుకో. నడుమ ఎక్కడన్న ఆగితే మల్ల మొదటికే రా" అని చెప్పింది. ఆయన తల ఊపాడు. ఆ రోజంతా మేము పాట పాడలేదు. ఎందుకో ఎవరికీ నోరు రాలేదు. పాడితే ఆయనకు అక్కడ తక్కువ పడుతుందేమో అన్నట్టు, దాన్ని ఆయనకే వదిలిపెట్టాం.

పొద్దు వాలేవేళకు వచ్చాడు. చేతిలో జిలేబీ పొట్లం. కాగితమంతా నూనె మరకలు. ఎవరూ ఏమీ అడగకముందే పొట్లం విప్పి అందరి చాటల పక్కన ఒక్కొక్కటి పెట్టాడు.

"ఎట్ల రాసినవ్ బిడ్డా?" అంది మా అత్త.

"మంచిగనే రాసిన అవ్వా."

"గెట్ వచ్చిందా?" అంది శాంతబాయి.

"వచ్చింది బాయీ. ఓవర్ అడిగిండ్రు. నీ పాటల ఉన్నదే అడిగిండ్రు."

శాంతబాయి తంబాకు చేతులతోనే జిలేబీ అందుకుని నోట్లో వేసుకుంది. "నేను చెప్పలె?" అని అందరి ముఖాలూ చూసింది. ఆ పొద్దు పాడిన పాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. పొద్దంతా నోరు కట్టుకున్న ఆడవాళ్ళు ఒక్కసారి ఎత్తుకుంటే వాడకట్టు పిల్లలందరూ వచ్చి నిలబడ్డారు. ఆయన ఎప్పటిలాగే గడప మీద కూర్చుని కట్టలు కట్టాడు. తను మాత్రం జిలేబీ ముట్టలేదు. బస్సులో తలతిప్పిందని అన్నాడు.

ఫలితాలు పేపర్లో వచ్చాయి. ఆయన నంబరు లేదు. హాస్టల్లో పిల్లలు వెతికారు, వార్డెను వెతికాడు, లేదు. మా అత్త మూడు పూటలు అన్నం ముట్టలేదు. శాంతబాయి మాత్రం ఒప్పుకోలేదు. "దిద్దినోడు తప్పు దిద్దిండు. మల్ల రాయన్నా, ఇంకో పాట కడత" అంది. ఆయన దారం చుట్టడం ఆపకుండానే, "నీ పాట మంచిగనే ఉన్నది బాయీ. నా తలనే మంచిగ లేదు" అన్నాడు. మళ్ళీ రాయలేదు. ఎంత చెప్పినా రాయలేదు. నేను కోపం చేశాను, అలిగాను, రాజంపేటకు పోయి కూర్చున్నాను. వచ్చి తీసుకుపోయాడే గానీ ఫీజు కట్టనన్నాడు. ఇంకో యేడాదికి వార్డెను మారాడు, పదో తరగతి పాసైన ఒకతన్ని ఆ పనిలో పెట్టుకున్నారు. మేము కామారెడ్డి వచ్చేశాం. ఆయన గంజ్‌లో బెల్లం మూటలు ఎత్తాడు. మొదటి రోజు ఇంటికి వచ్చినప్పుడు భుజం మీద బెల్లం చెమ్మకు అంగీ అంటుకుపోయి ఉంది. మా అత్త ఆ అంగీని నీళ్ళలో నానబెట్టి, దాని ముందు చాలాసేపు కూర్చుంది. ఆ తర్వాత ఆమె ఎక్కువ రోజులు బతకలేదు. ఆఖరి గుక్క చాయ్ మట్టిలో పోసే మనిషి మా ఇంట్లో ఇంకెవరూ లేరు.

ఎల్లారెడ్డి విడిచి వచ్చామే కానీ పొత్తు పోలేదు. జాతరలకూ పెండ్లిళ్ళకూ పోయేవాళ్ళం. పోయిన ప్రతిసారీ ఆయన శాంతబాయి దగ్గర కూర్చుని, "ఏది బాయీ, గా పాట ఎత్తుకో" అనేవాడు. ఆమె ఆ పాటను వాడకట్టులో పదో తరగతి చదివే పిల్లలందరికీ నేర్పింది. వాళ్ళు పాసయ్యారు. ఒకడు మాస్టరు కూడా అయ్యాడు. ఎవరు పాసైనా శాంతబాయి మురిసిపోయేది. మురుస్తూ మురుస్తూనే ఒక్కసారి ముఖం చిన్నబుచ్చుకునేది. "అందరికీ పనికొచ్చింది. మొదలు ఎవరి కోసం కట్టిన్నో గాయనకే పనికి రాలె" అనేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నేను ఆ నవ్వును చూస్తూ, ఎంత మొద్దు మనిషి, పోయినదానికి బాధ కూడా లేదు అనుకునేదాన్ని.

మూటలు మోసిన నడుము మా మామను పట్టుకున్నట్టే ఆయన్నూ పట్టుకుంది. కొన్నేళ్ళు మంచం మీద ఉండి, పోయిన చలికాలంలో వెళ్ళిపోయాడు. దినాల నాడు భోజనాలు అయ్యాక ఒక ముసలాయన ఇంకా పోకుండా బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నేను ఎప్పుడూ చూడని మనిషి. పేరు సత్తయ్య అన్నాడు, బస్సు కండక్టర్‌గా చేసి దిగిపోయానన్నాడు. ఆ యేడు ఆ పరీక్ష ఆయన వెనక బెంచీలో కూర్చుని రాశాడట.

"నర్సింలు నీకు ఎన్నడన్న చెప్పిండా చెల్లె, గా ఇంగ్లీషు పరీక్ష సంగతి?"

"ఏం సంగతన్నా? ఇంగ్లీషుల పోయింది గద."

సత్తయ్య చేయి కడుక్కున్న నీళ్ళు ఇంకా తుడుచుకోలేదు. ఆ తడి చేతులనే చూసుకుంటూ, "పోలె చెల్లె. రాయనియ్యలె" అన్నాడు.

చెప్పుకొచ్చాడు. కాగితం ఇచ్చాక మా ఆయన తల వంచుకుని బాగానే రాస్తున్నాడట. గెట్ ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి కలం కింద పెట్టి, మొలతాడుకు వేలాడుతున్న దారం పోగు ఒకటి తెంపి, కలానికి చుట్టడం మొదలుపెట్టాడట. చుడుతూ సన్నగా పాడుతున్నాడు. కాపలా ఉన్న సారు వచ్చి, "ఎవరికి చెప్తున్నవ్?" అని గద్దించాడు. ఆపాడు. ఆపితే రాలేదు కాబోలు, కాసేపటికి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. సారు వచ్చి కాగితం గుంజుకున్నాడు. వెనకవాళ్ళకు జవాబులు అందిస్తున్నాడు అన్నాడు.

"గప్పుడు ఏమన్నడో తెల్సా చెల్లె? 'పాట సార్' అన్నడు. 'మా ఇంట్ల ఆడోల్లు బీడీలు చేసుకుంట పాడ్తరు. మొదటిసంది పాడితేనే నాకు యాదికొస్తది' అన్నడు. గది గదంత నవ్వింది. నేను సుత నవ్విన."

పరీక్ష అయ్యేదాకా మా ఆయన బయట గోడ నీడన కూర్చున్నాడట. అందరూ బయటికి వచ్చాక సత్తయ్యతో కలిసి బస్టాండుకు నడిచి, జిలేబీ కొన్నాడు.

"పరీక్ష పోయినోడు జిలేబీ కొనుడు ఏందిరా అన్న. 'వాకిట్ల అందరు ఎదురుచూస్తుంటరు సత్తీ. ఉత్తచేతులతోటి పోతే మొకం చూస్తరు' అన్నడు. నా చెయ్యి వట్టుకొని ఒట్టు పెట్టించుకున్నడు. పాటతోటి పోయిందని ఎర్కైతే ఎవరో బాయంట, గామె మల్ల నోరు తెరవదు అన్నడు. వచ్చే యేడు రాద్దువు తీయి, మనసుల పాడుకో అని చెప్పిన. 'నోరు మూసుకొని పాడుడు నాకు రాదు' అన్నడు."

సత్తయ్య పోయాక నేను ఆ బల్ల మీదే కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. మాకు నోరూ చేతులూ ఒక్కటే. ఒకటి ఆడితే రెండోది ఆడేది. మూగగా పని చేయడం మాకెవరికీ రాదు, ఆయనకు మేము నేర్పిందీ అదే. తర్వాత శాంతబాయి నేర్పిన పిల్లలు గడుసువాళ్ళు, పెదాలు కదపకుండా పాడుకుని రాసి వచ్చారు. ఆయన మాలాంటివాడు. ఇన్నేళ్ళూ ఆ పాట వినిపించమని తనే అడిగి, దాని ముందు కూర్చుని, గదంతా నవ్విన ఆ నవ్వును లోపల వింటూ, బయటికి ఏమీ తెలియనివ్వకుండా ఉన్నాడు. మొద్దు మనిషి అనుకున్నాను నేను. ఆయన పక్కన ఇన్ని యేండ్లు పడుకుని లేచాను కదా, ఒక్కనాడు కూడా ఆయన ముఖంలో అది కనిపించలేదు.

ఇప్పుడు మా మనవరాలు కూడా అదే గెట్ చదువుతోంది. చెవుల్లో తీగలు పెట్టుకుని ఫోన్‌లో వింటుంది. ఎవరో ఆడగొంతు ఆ పిల్లకు మాత్రమే చెబుతుంది. మంచిదే, మార్కులు బాగా వస్తున్నాయి, ఎవరూ గదిలోంచి లేపి పంపరు. పక్కనే కూర్చున్నా ఆ పిల్ల ఏం నేర్చుకుంటోందో నాకు తెలియదు. అప్పుడు ఒక్కడి చదువు వాడకట్టందరి నోట్లో ఉండేది. అది మంచో చెడో నేను చెప్పలేను. అదే ఆయన్ని ముంచింది, అది లేకపోతే ఆయనకు ఆ నాలుగు ముక్కలు కూడా వచ్చేవి కావు. మొన్న ఎల్లారెడ్డి పోతే మా పాత వాకిట్లో బండలు పరిచి, ఇనుప గేటు పెట్టి ఉంది. బీడీలు చేసే ఆడవాళ్ళు ఒకరో ఇద్దరో, ఎవరి అర్రలో వాళ్ళు, టీవీ చూస్తూ చేసుకుంటున్నారు. తుమ్ము కూడా ఒంటరి తుమ్మే.

దినాలు అయిన కొద్ది రోజులకు శాంతబాయి నన్ను పలకరించడానికి వచ్చింది. ముసలితనంలో మద్నూర్‌లో తమ్ముడి ఇంటికి చేరింది అప్పటికే. కళ్ళు సరిగ్గా ఆనవు, మోకాళ్ళు వంగవు, అయినా బస్సులు మారి ఒక్కతే వచ్చింది. నా మెడ, నా చేతులు తడిమి చూసి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత అన్నం పెట్టాను. ఆమె రెండు ముద్దలు తిని, మూడో ముద్ద చేతిలోనే పట్టుకుని, తల వంచుకుని అడిగింది.

"బాలమణీ, ఒక్కటి అడుగుత. నువ్వు దాయొద్దు. గా పరీక్ష ఎందుకు పోయిందో నీతోనన్న ఎన్నడన్న అన్నడా? ఇన్నేండ్లసంది నాకు నిద్రపట్టది. నా పాటల ఏదో ఒకటి తప్పు కట్టిన. గది గాయన రాసిండు. గందుకే పోయింది. గాయన నడుము ఇరగ్గొట్టింది నేనే."

ఆమె చూపు ఆనని కళ్ళు నా ముఖం ఎక్కడుందో వెతుకుతున్నాయి. నాకు సత్తయ్య తడి చేతులు గుర్తొచ్చాయి. నీళ్ళు తాగాను.

"అన్నడక్కా," అన్నాను. "కలంల సిరా అయిపోయిందట. సగం కాగితం ఉత్తగనే ఇచ్చి వచ్చిండట. చెప్పుకుంటే సిగ్గని ఎవరికీ చెప్పలె."

"సిరానా?"

"సిరానే."

శాంతబాయి చేతిలో ముద్ద కంచంలో పడింది. "పక్కోన్ని అడిగితే ఇయ్యకపోవునా," అంది. "నోరులేని మనిషి. అడుగుడు రాని మనిషి." చాలాసేపు అదే మాట అనుకుంటూ తల ఊపింది. ఊపుతూ ఊపుతూ ఆమె భుజాలు మెల్లగా దిగాయి. "అయితే నా పాటల తప్పు లేదా?"

"లేదక్కా. ఓవర్ అంటే దాటుడు. పాటల ఉన్నదే అడిగిండ్రట. నీ పాటల ఒక్క తప్పు లేదు."

ఆ మాట మాత్రం నేను నిజమే చెప్పాను.